అల్లుడు కొన్న తుపాకి

ముప్పై ఆరేళ్ళ పాటు పిల్లలకు సంధులూ, సమాసాలూ, యతి ప్రాసలూ చెప్పి 2019లో విరమించిన తెలుగు పండితుడు తుపాకుల గురించి వ్రాయడమేమిటని మీకు సందేహం కలగవచ్చు. నాకూ కలిగింది. అందుకే ఈ టపా కొన్ని నెలలుగా సగం వ్రాసి ప్రక్కన పెట్టినది. పూర్తిచేయకపోతే మనసు ఊరుకునేట్టు లేదు.

2023 శరదృతువులో నేనూ మా ఆవిడా అమెరికాలోని యూటా రాష్ట్రంలో, లీహై అనే ఊరిలో ఉన్న మా అమ్మాయి ఇంటికి వెళ్ళాము. మేము దిగేసరికి ఇంట్లో ఒక నిశ్శబ్ద యుద్ధం నడుస్తోంది. అల్లుడికి అంతకు ముందు సంవత్సరమే ఆ దేశపు పౌరసత్వం వచ్చింది. పొరుగింటి పెద్దాయన ప్రోత్సాహంతో వేట శిక్షణ తరగతికి హాజరై పరీక్ష ఉత్తీర్ణుడయ్యాడు. యూటాలో 1965 తరువాత పుట్టినవాడు సాధారణంగా ఆ శిక్షణ లేనిదే వేట అనుమతి పొందలేడు. దుప్పిని వేటాడే అనుమతి పత్రాలను అక్కడ లాటరీ పద్ధతిలో ఇస్తారు. ఆ లాటరీలో ఇతని పేరు వచ్చింది. ఇక మిగిలింది తుపాకి.

"నాన్నా, నీవైనా చెప్పు. ఇంట్లో చిన్నపిల్లవాడున్నాడు" అన్నది అమ్మాయి.

"మామయ్యగారూ, మీరు నాతో దుకాణానికి రండి. చూసిన తరువాత వద్దంటే మానేస్తాను" అన్నాడు అల్లుడు.

ఆ మాటలో ఉన్న తెలివి నాకు అర్థం కాకపోలేదు. అయినా వెళ్ళాను.

ఆ దుకాణం మన జిల్లా కేంద్ర గ్రంథాలయమంత ఉన్నది. గోడల పొడవునా పుస్తకాలకు బదులు తుపాకులు నిలబెట్టి ఉన్నాయి. అమ్మకందారు మర్యాదస్తుడు. అల్లుడు అడిగిన తుపాకి తీసి, లోపల తూటా లేదని రెండుసార్లు చూపించి, పెద్దవాణ్ణని గౌరవంతో కాబోలు, ముందుగా నా చేతికే ఇవ్వబోయాడు. అల్లుడు చప్పున అడ్డుపడ్డాడు. అక్కడి కేంద్ర చట్టం ప్రకారం నావలె సందర్శక వీసాతో వచ్చినవాడు, వేట లైసెన్సు వంటి మినహాయింపు ఉంటే తప్ప, తుపాకి గాని తూటా గాని కలిగి ఉండరాదట. ఉద్యోగపు వీసాలపై ఉన్న మన పిల్లలకు కూడా ఇదే నియమం. సరదాకు మిత్రునితో కలిసి కాల్పుల మైదానానికి వెళ్ళే కుర్రవాళ్ళలో ఎందరికి ఈ సంగతి తెలుసో! నేను చాచిన చేయి వెనక్కి తీసుకున్నాను. కాబట్టి ఇకపై చెప్పబోయేదంతా చేతితో తాకని వస్తువును గురించి కంటితో చూసి, చెవితో విని తెలుసుకున్నదే.

అల్లుడు కోరినది అర్ధస్వయంచాలక మాగ్నమ్ రైఫిలు. ఈ రెండు విశేషణాలనూ విడదీసి చెప్పాలి. పాత అలవాటు, మన్నించండి.

తూటా పేలినప్పుడు గొట్టంలో పుట్టే వాయువులో కొంత భాగం ఒక సన్నని రంధ్రం గుండా బయటికి వచ్చి ఒక పిస్టన్‌ను వెనుకకు నెడుతుంది. ఆ తోపుడుకు బోల్టు మరల తిరిగి, గొళ్ళెం విడి, ఖాళీ తొడుగును బయటికి విసరివేస్తుంది. తిరిగి ముందుకు వస్తూ మ్యాగజైను నుండి క్రొత్త తూటాను లోపలికి తోస్తుంది. వేటగాడు చేయవలసిందల్లా మీటను మళ్ళీ నొక్కడమే. మీట ఒకసారి నొక్కితే ఒక్కటే పేలుతుంది. సైన్యాలు వాడే ధారాపాతపు తుపాకికీ దీనికీ భేదం అదే. అర్ధ శబ్దానికి సార్థకత అక్కడ ఉన్నది.

మాగ్నమ్ అంటే లాటిను భాషలో గొప్పది, పెద్దది అని. మన 'మహత్'కు అది తోబుట్టువు. రెండూ ఒకే తల్లి పిల్లలు. మామూలు సీసాకు రెట్టింపు పట్టే ద్రాక్షసారాయి సీసాకు ఆ పేరుండేది. అక్కడి నుండి మామూలుకన్న ఎక్కువ మందు పట్టే తూటాకు సంక్రమించింది. 1912లో ఇంగ్లండులో ఏనుగులనూ అడవిదున్నలనూ కొట్టడానికి పుట్టిన .375 తూటా వీటిలో చాలావాటికి మూలపురుషుడు. దాని అడుగున మొలత్రాడు కట్టినట్టు ఒక వలయం ఉంటుంది. సంతతికి దాని అవసరం అంతగా లేకపోయినా వారసత్వంగా వచ్చింది. మన ఇళ్ళలో కూడా ఇటువంటివి చాలా ఉన్నాయి కదా!

ఇంతకూ అల్లుడికి ఇంత తుపాకి ఎందుకు? అతడు చెప్పిన కారణాలు రెండు. మొదటిది, మంచు మీద జారే ఆటలో విరిగి అతుక్కున్న కుడి భుజం. మాగ్నమ్ తూటా పేలితే తుపాకి మడమ భుజాన్ని గట్టిగా తన్నుతుంది. అర్ధస్వయంచాలకంలో ఆ బలంలో కొంత యంత్రాన్ని నడపడానికి పోతుంది, తన్నుడు కొద్ది కాలవ్యవధి మీద పరచుకుంటుంది; కనుక కొట్టినట్టు కాక త్రోసినట్టుగా ఉంటుంది. రెండవది, ఆ పడమటి కొండలలో అడవి దట్టంగా ఉండదు. ఒక గట్టు మీద మనము, లోయకు అవతలి గట్టు మీద దుప్పి. మూడు వందల గజాలు, నాలుగు వందల గజాలు సామాన్యం. "మొదటిది తప్పితే చేయి కదపకుండానే రెండవది వేయవచ్చు" అన్నాడు. ఆ మూడవ కారణాన్ని అతడు కారణంగా లెక్కపెట్టలేదు గాని నాకు మాత్రం అదే చెవిలో మిగిలింది.

ఈ రకంలో ఎన్నుకోవడానికి నిజానికి ఎక్కువ లేవు. ఇటలీవారి బెనెల్లి ఆర్1 ఒకటి. బ్రౌనింగ్ వారి బి.ఎ.ఆర్. మరొకటి. ఈ రెండవది 1967 నుండి ఉన్నది; బెల్జియంలో పుట్టి, చాలాకాలంగా పోర్చుగల్‌లో కూర్పబడుతోంది. మూలపురుషుడు జాన్ మోజెస్ బ్రౌనింగ్ 1855లో ఈ యూటాలోనే, ఆగ్డెన్ పట్టణంలో జన్మించాడు. 1926లో బెల్జియంలోని కర్మాగారంలోనే పని మధ్యలో మరణించాడు. ఆగ్డెన్ పాత రైల్వే స్టేషనులో ఆయన పేరిట ఒక ప్రదర్శనశాల ఉన్నది. ఒక రోజు అల్లుడు తీసుకువెళ్ళి చూపించాడు. ఆయన సైన్యం కోసం 1917లో చేసిన తుపాకికీ అదే బి.ఎ.ఆర్. పేరు. వేటగాళ్ళ తుపాకి మాత్రం మనుమడు బ్రూస్ రూపొందించినది. రెండింటికీ పేరే తప్ప పోలిక లేదు. ఒకే పేరు గల ఇద్దరు కవులను విడదీయలేక మా గురువులు పడిన తంటాలు గుర్తుకువచ్చాయి.

పొరుగింటి పెద్దాయనను గురించి చెప్పాలి. డెబ్బై నాలుగేళ్ళవాడు. తండ్రి నాటి బోల్టు తుపాకి, .270 తూటా, జీవితమంతా అదొక్కటే. అల్లుడి మాట విని పెదవి విరిచాడు. ఆయన ఆక్షేపణలు ఇవి: అర్ధస్వయంచాలకం బరువు ఎక్కువ, మీట కొంచెం మొండిగా ఉంటుంది, లోపల మసి చేరుతుంది గనుక శుభ్రం చేస్తూ ఉండాలి, మంచి బోల్టు తుపాకి నూరు గజాల వద్ద మూడు తూటాలను అంగుళం వలయంలో పెడితే ఇది ఒకటిన్నర, రెండంగుళాలు తీసుకుంటుంది. నూరు గజాలకు రెండంగుళాలంటే నాలుగు వందల గజాలకు ఎనిమిది. దుప్పి గుండె, ఊపిరితిత్తులు ఉండే చోటు మొత్తం తొమ్మిది, పది అంగుళాలకు మించదు. తుపాకి పొరపాటే అంత స్థలం తినేస్తే, గాలి పొరపాటుకు, మనిషి పొరపాటుకు మిగిలేదెంత? ఇదీ ఆయన లెక్క. చదువుకున్నది తక్కువే గాని ఆయన అడిగిన ఆ ప్రశ్నకు మా అల్లుడి కంప్యూటరు వద్ద జవాబు లేదు.

అయినా భుజం సంగతి ఆయన ఒప్పుకున్నాడు. "తన్నుడుకు భయపడేవాడు మీట నొక్కేటప్పుడు కన్ను మూస్తాడు. కన్ను మూసేవాడి చేతిలో ఎంత సూటి తుపాకి ఉండీ ఏమి లాభం?" అన్నాడు. అలా అర్ధస్వయంచాలకం నిలిచింది. తరువాత తూటా. అల్లుడు .300 విన్‌చెస్టర్ మాగ్నమ్ మీద మనసుపడ్డాడు, 1963 నాటిది. పెద్దాయన దానికన్న ఏడాది ముందు వచ్చిన 7 మిల్లీమీటర్ల రెమింగ్‌టన్ మాగ్నమ్ చాలునన్నాడు. మొదటిది ఎల్కు వంటి పెద్ద కణితులకు పనికివస్తుంది. దుప్పికి రెండవదే ఎక్కువ, పైగా తన్నుడు స్పష్టంగా తక్కువ. చివరకు బి.ఎ.ఆర్., 7 మిల్లీమీటర్లు. మ్యాగజైనులో మూడు, గొట్టంలో ఒకటి. వెల పదిహేను వందల డాలర్లకు పైమాటే. ఫారము నింపి, నేరచరిత్ర పరిశీలన పూర్తయ్యాక ఇంటికి తెచ్చాడు. అంతకు ముందే ఇనుప పెట్టె తెచ్చి నేలమాళిగలో గోడకు బిగించాడు. దాని తాళపు అంకెలు అమ్మాయికి తప్ప వేరెవరికీ చెప్పలేదు. అమ్మాయి మౌనం కొంత సడలింది.

నా మౌనం సడలలేదు. దానికి కారణం గుండు.

గుండు ఏ లోహంతో చేసినది కావాలి అని దుకాణంలో అడిగారు. మామూలుగా సీసపు గుండు మీద రాగి తొడుగు ఉంటుంది. అది జంతువు శరీరంలో ఇసుక రేణువులంత ముక్కలుగా చెదురుతుంది. వేటగాడు పేగులు తీసి కొండమీద వదిలివేస్తే, వాటిని తినే పక్షులు సీసం విషంతో చస్తాయి. కాలిఫోర్నియా కాండర్ అనే మహా రాబందులు 1987 నాటికి అడవిలో ఒక్కటి కూడా లేకుండా పోయి, మొత్తం ఇరవై ఏడు పక్షులు మాత్రం బోనులలో మిగిలాయి. వాటి సంతతిని 1996 నుండి ఆరిజోనా కొండలలో వదులుతున్నారు; అవి యూటా దక్షిణ భాగానికీ వస్తాయి. నేటికీ వాటిని ఎక్కువగా చంపుతున్నది సీసమే. కాలిఫోర్నియాలో 2019 నుండి వేటకు సీసపు గుండ్లు పూర్తిగా నిషిద్ధం. యూటాలో మాత్రం వేటగాడి ఇష్టానికి వదిలారు. పెద్దాయన రాగి గుండే వాడతాడు. అల్లుడూ 140 గ్రెయిన్ల రాగి గుండు తీసుకున్నాడు.

(గ్రెయిన్ అంటే సుమారు 65 మిల్లీగ్రాములు, మన గురిగింజలో ఇంచుమించు సగం. గురి, గురిగింజ అనే మాటల సామ్యం కేవలం కాకతాళీయమే గాని, బంగారం తూచే గింజ పేరు నోటికి రాగానే కొంతసేపు నవ్వుకున్నాను.)

రాబందుల మాట వినగానే నా మనసు ఆ దుకాణం విడిచి గిద్దలూరు ప్రాంతానికి పోయింది.

అది 1969. మా తాలూకా అప్పటికి కర్నూలు జిల్లాలో ఉండేది. నాకు పదేళ్ళు. నల్లమల అంచున మాకొక కందిచేను. మా పెదనాన్న దగ్గర పంట కాపలాకు లైసెన్సున్న నాటు తుపాకి ఉండేది. మందు పోసి, పీచు దట్టించి, గుండు వేసి, మళ్ళీ దట్టించి, అదొక క్రతువు. ఒక్కసారి పేలితే రెండవసారికి చిన్న పద్యం రెండుమార్లు చదివినంత సేపు పట్టేది. 1972లో వన్యప్రాణి చట్టం వచ్చేదాకా మా వైపు ఇది అందరూ ఎరిగిన సంగతే.

ఒక సాయంత్రం మునిమాపు వేళ మంచె మీద నేనూ ఆయనా ఉన్నాము. చుక్కల దుప్పి ఒకటి చేను చివర కనబడింది. దూరం ఎక్కువ. ఆయన కొంచెం తటపటాయించి పేల్చాడు. పొగ తొలగేసరికి దుప్పి పడి లేచి బలుసు, పరికి పొదలలో దూరింది. పెదనాన్నకు మోకాలి నొప్పి. లాంతరు నా చేతికిచ్చి, "నెత్తురు పడిందేమో చూసిరా నాయనా" అన్నాడు. పోయాను. గట్టు దాటగానే కంది ఆకుల మీద నెత్తురు ఉన్నది. పొదలోపల ఏదో ఈడ్చుకుంటున్న చప్పుడు, ఒక రకమైన గురక. కాళ్ళు ముందుకు పడలేదు. లాంతరు వత్తి తగ్గించి నూరంకెలు లెక్కపెట్టి తిరిగి వచ్చి, "లేదు పెదనాన్నా, తగల్లేదు" అన్నాను.

మూడవ నాడు మధ్యాహ్నం ఆ పొదల మీద రాబందులు దిగాయి. పెదనాన్న వాటివైపు చూశాడు, తరువాత నావైపు చూశాడు. ఏమీ అనలేదు. ఆ తరువాత నన్నెప్పుడూ మంచె మీదికి పిలవలేదు. 1984లో పోయాడు, పోయేదాకా అడగలేదు, నేనూ చెప్పలేదు. రాబందులు కూడా మా వైపు లేకుండా పోయాయి. పశువులకిచ్చే డైక్లోఫినాక్ మందు వాటిని చంపిందని తేలి 2006లో ఆ మందు నిషేధించారు గాని పోయినవి రాలేదు.

ముప్పై ఆరేళ్ళు తరగతిలో దశరథుని శబ్దవేధి కథ చెప్పాను. కనబడని దానిని చెవితో గురిచూసి కొట్టిన రాజు, కుండ మునిగిన చప్పుడును ఏనుగు నీరు త్రాగే చప్పుడనుకొని ముని కుమారుణ్ణి చంపిన కథ. ఆ కథలో ఎప్పుడూ ఒక అంశం దగ్గర నా గొంతు మారేది. దశరథుడు బాణం వేసిన తరువాత ఆ చీకటిలో నది ఒడ్డుకు నడిచి వెళ్ళాడు. తాను చేసినది కళ్ళారా చూశాడు. పిల్లలకు శాపం ముఖ్యం; నాకు ఆ నడక.

సరే, విషయానికి వస్తాను. వరుసగా నాలుగు శనివారాలు కాల్పుల మైదానంలో అభ్యాసం. నేను వెనుక బల్ల మీద చెవులకు మూతలు పెట్టుకొని కూర్చునేవాణ్ణి. తుపాకిని 200 గజాలకు సరిచేశారు. అలా సరిచేస్తే గుండు 300 గజాల వద్ద సుమారు ఆరంగుళాలు, 400 వద్ద సుమారు పద్దెనిమిది అంగుళాలు, 500 వద్ద మూడడుగులు దిగిపోతుంది. గంటకు పది మైళ్ళ అడ్డగాలి వీస్తే 400 గజాల వద్ద పదంగుళాలకు పైగా ప్రక్కకు పోతుంది. దిగుడు లెక్క పట్టిక చూసి సరిచేసుకోవచ్చును. గాలిని పట్టికలో వ్రాయలేరు. మన దగ్గర ఒక విధంగా, లోయలో మరో విధంగా, అవతలి గట్టు మీద ఇంకో విధంగా వీస్తుంది. ఇంకొకటి. అంత దూరం పోవడానికి గుండుకు అర సెకనుకు కొంచెం తక్కువ పడుతుంది. మేస్తున్న దుప్పి ఒక అడుగు వేయడానికి అంతే చాలు.

పెద్దాయన తొమ్మిదంగుళాల కాగితపు పళ్ళెం మేకుతో కొట్టి, అల్లుణ్ణి చిన్న మిట్ట పరుగెత్తి ఎక్కించి, ఆయాసం తీరకముందే నేల మీద కూర్చోబెట్టి కాల్పించేవాడు. పదికి పది ఎంత దూరంలో తగిలితే అదే నీ దూరం, తుపాకి డబ్బా మీద వ్రాసినది కాదు అని ఆయన నియమం. బల్ల మీద ఆనించి కొట్టినప్పుడు 400 గజాల వద్ద కూడా బాగానే తగిలినవి, కూర్చుని కొడితే 300 వద్ద పదికి ఎనిమిది, 250 వద్ద పదికి పది. "అయితే రెండు వందల యాభై" అన్నాడు పెద్దాయన. అల్లుడి ముఖం చిన్నబోయింది. దూరానికని కొన్న మాగ్నమ్ సగం దూరంలో ఆగిపోయింది!

అక్టోబరు మూడవ వారాంతంలో మాంటై కొండలకు రెండు గంటల ప్రయాణం చేసి వెళ్ళాము. నేను ఆయుధం లేని ప్రేక్షకుణ్ణి. అయినా నాకూ నారింజ రంగు చొక్కా, టోపీ తగిలించారు. వేటగాళ్ళకు తల, రొమ్ము, వీపు మీద కలిపి 400 చదరపు అంగుళాల నారింజ రంగు అక్కడ తప్పనిసరి. దుప్పి కంటికి ఆ రంగు మనకు కనబడినట్టు కనబడదట. ఆస్పెన్ చెట్లు అప్పటికే ఆకు రాల్చాయి. క్రింద సేజి మొక్కల వాసన, మిట్టల మీద మనిషెత్తు గుబురు ఓక్ పొదలు. అక్కడి దుప్పికి కంచరగాడిద చెవులు. బెదిరితే నాలుగు కాళ్ళూ ఒక్కసారిగా నేల విడిచి బంతివలె ఎగురుతుంది.

మొదటి రోజు ఏమీ లేదు. దూరంగా, 460 గజాలలో ఒక మంచి మగదుప్పి కనబడినది గాని పెద్దాయన తల అడ్డంగా ఊపాడు. రెండవ రోజు ఉదయం తొమ్మిది గంటలకు 235 గజాలలో ఒకటి మేస్తూ ప్రక్కకు తిరిగింది. అల్లుడు కర్రల ఆనికపై తుపాకి నిలిపి, ఊపిరి సగం వదిలి, మీట నొక్కాడు. అదే క్షణంలో దుప్పి అడుగు ముందుకు వేసింది.

వీపు విల్లులా వంచి ఒక్కసారి ముడుచుకుపోయింది. గుండె మీద కాదు, వెనుకగా కడుపులో తగిలిందని పెద్దాయనకు అప్పుడే తెలిసింది. అల్లుడు వెంటనే రెండవది, మూడవది పేల్చాడు. మూడు సెకన్లు పట్టి ఉండదు. రెండూ అవతలి గట్టు మీద దుమ్ము లేపాయి. దుప్పి ఓక్ పొదలలోకి పోయింది. పెద్దాయన అతని భుజం మీద చేయి వేశాడు.

వెంటనే వెంబడించరాదట. కడుపులో దెబ్బతిన్నది దగ్గరలోనే పడుకుంటుంది; తరిమితే మైళ్ళ కొద్దీ పోయి ఎక్కడో చస్తుంది. గంటల తరబడి ఆగాలి. ఆగాము. అల్లుడు మాట్లాడలేదు, మంచినీళ్ళు కూడా త్రాగలేదు. ఒంటిగంట ప్రాంతంలో నాకు తెలియకుండానే నోరు విప్పి మంచె, లాంతరు, కంది ఆకుల మీద నెత్తురు అంతా చెప్పాను. యాభై నాలుగేళ్ళలో మొదటిసారి. మా ఆవిడకు కూడా చెప్పలేదు. అతడు విని, "అంటే ఇది దొరకకపోతే నేనూ..." అని ఆగిపోయాడు. దొరుకుతుందని నేను అనలేదు. "వెదుకుదాం" అన్నాను.

పెద్దాయన మోకాళ్ళు పొదలలో వంగవు. గట్టు మీద నిలబడి బైనాక్యులరుతో చూస్తూ ఉండిపోయాడు. అల్లుడు ముందు, నేను వెనుక. నెత్తురు కనబడిన ప్రతిచోటా ఒక నారింజ పట్టీ కట్టడం నా పని. వెనుకకు తిరిగి చూస్తే అవి వరుసగా దుప్పి పోయిన దారి చూపుతాయి. పదకొండవ పట్టీ తరువాత నెత్తురు లేదు. గంటకు పైగా నేల మీద మోకాళ్ళతో ప్రాకాము. ఓక్ కొమ్మలు ముఖం గీరాయి. దిద్దుబాటు పుస్తకాలలో జారిపోయిన అరసున్నలను వెదికిన కన్ను చివరకు ఒకందుకు పనికివచ్చింది: రాలిన ఆకు ఒకటి తలక్రిందుగా ఉన్నది, దాని అడుగు భాగాన ఆవగింజంత నల్లని చుక్క. అక్కడి నుండి దారి ఎవరూ ఊహించని విధంగా పైకి తిరిగింది.

నాలుగున్నరకు కనబడింది. పడుకొని ఉన్నది, తల ఎత్తే ఉన్నది. మమ్మల్ని చూసి లేవబోయి లేవలేకపోయింది. ఆ గురక నేనెరిగినదే. పదిహేను గజాలు ఉంటుందేమో. అల్లుడు చేతులు వణుకుతున్నాయి. నేను ఈసారి ముఖం తిప్పుకోలేదు. ఒక్క తూటా.

తరువాతిదంతా చాకిరీ. అనుమతి పత్రం కట్టడం, కోయడం, మాంసం సంచులలో వేయడం. తినదగిన మాంసం అడవిలో వదలడం అక్కడ నేరం. చీకటిలో మూడుసార్లు దిగి ఎక్కాము. నాకు రెండు రోజులు నడుము ఎత్తరాలేదు. ఇంటికి వచ్చాక మా ఆవిడ అడిగింది ఒక్కటే ప్రశ్న, "ఎంతసేపు బాధపడింది?" అని. ఏడున్నర గంటలని చెప్పాను. ఆమె ఆ కూర ముట్టలేదు. నేను తిన్నాను, మొత్తం. పళ్ళెంలో వదలడానికి మనసొప్పలేదు.

తుపాకి ఎంపిక సరైనదేనా అని అల్లుడు ఆ తరువాత చాలా రోజులు తనను తాను ప్రశ్నించుకున్నాడు. భుజం నొప్పి పెట్టలేదు. ఆ మాట నిజం. రెండవ తూటా కన్ను మూసి తెరిచే లోపల సిద్ధమైంది. అదీ నిజమే, దానివల్ల ప్రయోజనం మాత్రం లేకపోయింది. బోల్టు తుపాకి అయితే చేయి కదిపే ఆ రెండు క్షణాలలో మనసు కుదుటపడి గురి చూసేవాడేమోనని నాకొక అనుమానం. పెద్దాయన దానిని ఒప్పుకోలేదు. అడుగు వేసింది దుప్పి, కంగారుపడింది మనిషి, యంత్రాన్ని ఎందుకు అంటావు అన్నాడు. చిత్రమేమిటంటే అర్ధస్వయంచాలకాన్ని అంతవరకూ ఆక్షేపించినవాడు ఆయనే.

మేము తిరిగి వచ్చి చాలాకాలమైంది. మొన్న అల్లుడు ఫోను చేసినప్పుడు వెనుక ఏదో లోహపు చప్పుడు వినబడింది. పిస్టన్ మీది మసి తుడుస్తున్నాడట. ఆ మాటా ఈ మాటా అయ్యాక, "మామయ్యగారూ, పరికి పొద ఎలా ఉంటుంది? ఓక్ పొదలాగేనా?" అని అడిగాడు. ఇంకా పొట్టిగా, వంకర ముళ్ళతో ఉంటుందని చెప్పాను. ఊరికి వచ్చినప్పుడు చూపిస్తానన్నాను. చేను అమ్మి ఇరవై ఏళ్ళయింది గాని ఆ గట్టు అలాగే ఉన్నది.